కంపెనీ మేనమామ

మా కంపెనీ గురించి చెప్పుకుని జనం నవ్వుతున్నారని తెలిసి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నవ్వేవాళ్లకి సర్క్యులర్ చదివే ఓపిక ఉండదు. చదివి ఉంటే, జరిగిందంతా రూలు ప్రకారమే జరిగిందని వాళ్లే ఒప్పుకునేవారు.

నా పేరు పట్టాభి. మాది తణుకు పక్కన పల్లెటూరు. నంద్యాల వైపు గుండ్లకొత్తూరు అనే ఊరి నెత్తిన సున్నపురాయి తవ్వే కంపెనీలో నేను అప్పట్లో ప్రజాసంబంధాల అధికారిని. ప్రజాసంబంధాలంటే మరేం లేదు. మేం కొండ పేల్చినప్పుడు ఎవరింటి గోడైనా బీట వారితే, వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని, ఆ బీట ముందు నుంచే ఉందేమో కాస్త గుర్తు తెచ్చుకోండని మర్యాదగా అడగడం.

కొండకి ఉత్తరం వైపు మేం తవ్వేశాం. ఇక మిగిలింది దక్షిణం వైపు. అక్కడ కొండ పాదాన, ఎవరో తొలిచినట్టున్న రాతి గుంతలో ఏడాది పొడుగునా నీళ్లు ఊరుతుంటాయి. దాన్ని ఊళ్లో దోన అంటారు. ఊరంతా తాగేది ఆ నీళ్లే. పక్క ఊళ్లవాళ్లు బోరు నీళ్లు తాగుతారు. వాటిలో ఫ్లోరైడు ఉండడంతో పళ్లు గారపట్టి, నడివయసుకే మోకాళ్లు వంగిపోయి ఉంటారు. గుండ్లకొత్తూరు వాళ్లు మాత్రం నవ్వితే పళ్లు తెల్లగా కనిపిస్తాయి, నడిస్తే నిటారుగా నడుస్తారు. మా రెండో దశ తవ్వకం పటంలో ఆ దోన మీదుగా ఎర్ర పెన్సిలు గీత ఉంది. గీత ప్రకారం తవ్వితే దోన ఉండదు. ఆ సంగతి మాకూ తెలుసు, వాళ్లకీ తెలుసు. శ్రావణమాసంలో ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టి ఊరి చేత సరేననిపిస్తే గానీ పని మొదలుపెట్టడానికి లేదు.

సరిగ్గా అప్పుడే మా వైస్ ప్రెసిడెంటు మార్తాండరావు గారు ఢిల్లీలో ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు. ఖనిజ సంస్థలు స్థానిక సమాజాలతో చేయి కలిపి ఉమ్మడి ప్రయోజనం ఎలా సాధించాలన్నది అక్కడ విషయం. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మాత్రం కళ్లు మెరుస్తున్నాయి.

"పట్టాభీ, మనం ఇచ్చేవాళ్లం, వాళ్లు పుచ్చుకునేవాళ్లు అనే కాలం చెల్లిన దృక్పథం నేటితో సమూలంగా పరిహరించబడినది. మనం స్థానిక సమాజంలో అంతర్భాగం అవుతాం. వాళ్ల కుటుంబ సభ్యులం అవుతాం. ఈ క్వార్టర్ ముగిసేలోగా అవుతాం," అన్నారు.

"కుటుంబంలో మనం ఏ వరస అవుతాం సార్?" అని అడిగాను. ఊళ్లలో వరస కలపకుండా ఎవరూ ఎవర్నీ పిలవరు కదా అని నా ఉద్దేశం.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "దానికి కన్సల్టెంట్లని నియమిద్దాం," అన్నారు.

కన్సల్టెంట్లు వచ్చారు. నల్ల కళ్లజోళ్లు పెట్టుకున్న నలుగురు కుర్రాళ్లు టాబ్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, మీకు ఏ బంధువంటే ఎక్కువ ఇష్టం అని అడిగారు. తర్వాత మా కాన్ఫరెన్స్ హాల్లో తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించారు. తండ్రి వరస పనికిరాదట, ఆస్తిలో వాటా అడుగుతారు. అల్లుడి వరసకి ఊళ్లో మైనస్ మార్కులు వచ్చాయి. అందరికంటే ప్రేమ, నమ్మకం, ఆప్యాయత సూచీలు మూడింటిలోనూ మొదటి స్థానం మేనమామది.

"మేనమామ," అంటూ మార్తాండరావు గారు ఆ మాటని నోట్లో చప్పరించి చూశారు. "ఆత్మీయత ఉంది. గౌరవం ఉంది. చట్టపరమైన బాధ్యత ఏమీ లేదు. అద్భుతం!"

ఆ వారమే బడి ఆవరణలో సభ పెట్టాం. వెనక ఫ్లెక్సీ మీద మా కంపెనీ లోగోకి మీసాలు పెట్టి, భుజాన కండువా వేయించాం. ఇకపై మా కంపెనీ గుండ్లకొత్తూరు పిల్లలందరికీ మేనమామ అని మార్తాండరావు గారు మైకులో ప్రకటించారు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి సుంకులమ్మ లేచింది.

సుంకులమ్మ సర్పంచీ కాదు, వార్డు మెంబరూ కాదు. దోన దగ్గర ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక అన్నది ఆమె చెప్పినట్టే జరుగుతుంది. ఎండాకాలంలో ఆ తగువు తీర్చడం కంటే కలెక్టరు ఉద్యోగం సుఖం. అంచేత ఊళ్లో ఆమె మాటకి తిరుగులేదు.

"ఇన్ని దినాలూ మీరు అల్లుని వరస గదప్పా, తినేది, అలిగేది," అంది. "ఇప్పుడు మేనమామ అంటాండారు. అది బలే కష్టమైన వరస. బాగా ఆలోచన చేసుకున్న్యారా?"

"సంస్థ సర్వ విధాలా సంసిద్ధంగా ఉన్నది," అన్నారు మార్తాండరావు గారు.

"అయితే సరే," అని ఆమె కూర్చుంది. కూర్చుంటూ పక్కవాళ్ల వంక చూసి నవ్వింది. ఆ పళ్ల తెలుపు నాకు ఫ్లెక్సీ దాకా కనిపించింది.

మూడోనాడు పొద్దున్నే ఒక తల్లి చంకన బిడ్డతో గేటు దగ్గరికి వచ్చింది. బిడ్డకి పుట్టువెంట్రుకలు తీయించాలట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోనిదే మంగలి కత్తెర పెట్టడు. మరి కంపెనీ ఒడి ఎక్కడుంది?

ఈ ప్రశ్న మీద హెడ్డాఫీసులో మధ్యాహ్నం దాకా చర్చ జరిగింది. కంపెనీ అనేది చట్టం దృష్టిలో ఒక వ్యక్తే కానీ, దానికి ఒడి ఉన్నట్టు ఏ తీర్పులోనూ లేదని లీగల్ విభాగం తేల్చింది. చివరికి సాయంత్రం నా పేరు మీద సర్క్యులర్ వచ్చింది. "సంస్థ తరఫున మేనమామ హోదాలో ఆచార సంప్రదాయానుసారం సకల క్రతువులు నిర్వర్తించుటకును, ఇవ్వవలసినవి ఇచ్చుటకును, పలుకవలసిన పలుకులు పలుకుటకును శ్రీ పట్టాభి గారికి సంపూర్ణ అధికారము దఖలుపరచడమైనది." ఆ సర్క్యులర్ నాకు కంఠతా వచ్చు. మర్నాటికల్లా నా గది తలుపు మీద డిప్యూటీ మేనేజర్ (మేనమామ) అని బోర్డు కూడా పెట్టేశారు.

పుట్టువెంట్రుకల రోజున మా సేఫ్టీ ఆఫీసర్ కిషన్ సింగ్ గారు ముందుగానే వచ్చారు. బ్లేడుతో చేసే ఏ పనికైనా ఆయన పర్మిట్ ఉండాలి. బిడ్డకి హెల్మెట్ పెట్టాలన్నారు. హెల్మెట్ పెడితే వెంట్రుకలు ఎలా తీస్తానని మంగలి అడిగాడు. ఆ వాదన సహేతుకమేనని సింగ్ గారు ఒప్పుకుని, ఆ హెల్మెట్ నాకు పెట్టించారు. మంగలికి కళ్లద్దాలు, తల్లికి పసుపు పచ్చ జాకెట్టు, చుట్టూ ఎర్ర రిబ్బను. మొదటి కత్తెర పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చి నా ఒడి తడిపేసింది.

"ద్రవం లీకేజీ," అని సింగ్ గారు గంభీరంగా నోట్ చేసుకున్నారు. "స్వల్పమైనది. ప్రాణనష్టం లేదు."

ఏడుస్తూ ఏడుస్తూనే ఆ బిడ్డ నా బొటనవేలు పట్టుకుంది. గుండు పూర్తయ్యేదాకా వదల్లేదు. నాకు అక్కాచెల్లెళ్లు లేరు. నన్నెవరూ మామా అని పిలిచింది లేదు. గుండు మీద గంధం నేనే రాశాను. సుంకులమ్మ నా చేతికి చెంబు ఇచ్చింది. దోన నీళ్లు. అప్పటిదాకా నేను కంపెనీ వాటర్ క్యాను నీళ్లే తాగేవాణ్ణి. ఆ చెంబు ఖాళీ చేసి ఇంకోటి అడిగాను.

తర్వాత ఊళ్లో పెళ్లి. పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకుని పెళ్లిపీటల దగ్గరికి తేవాలి. నేను బక్కపల్చటివాణ్ణి. ఆ పిల్ల మా క్యాంటీన్ పెట్టిన నాటి నుంచీ అక్కడే వండుతూ, వండింది రుచి చూస్తూ ఉన్న పిల్ల. మనిషి మోయదగిన బరువుకి పరిమితి ఉందని సింగ్ గారు రూల్ చూపించి, ఫోర్క్‌లిఫ్ట్ మంజూరు చేశారు. సరిగ్గా ముహూర్తానికి, నెత్తిన పచ్చ దీపం గిరగిర తిరుగుతుండగా, వెనక్కి వచ్చేటప్పుడు కొట్టే హారను కుయ్ కుయ్‌మంటుండగా, పెళ్లికూతురు గంపలో కూర్చుని గాల్లో తేలుతూ పందిట్లోకి వచ్చింది. సన్నాయివాళ్లు ఆ హారన్ శ్రుతికి మార్చుకుని వాయించారు. అంత అందమైన పెళ్లి నేను కోనసీమలో కూడా చూడలేదు.

ఆ మర్నాడు లీగల్ విభాగం నుంచి ఆదరాబాదరా ఫోన్ వచ్చింది. మేనకోడల్ని చేసుకునే హక్కు మేనమామకి ముందు ఉంటుందన్న సంగతి వాళ్ల దృష్టికి ఆలస్యంగా వచ్చింది. ఆ హక్కు వాడుకోవడానికి కంపెనీ బోర్డులో ఎవరూ సిద్ధంగా లేరు. వాడుకోకుండా ఊరుకుంటే ఆడిట్‌లో ప్రశ్నలు వస్తాయి. కాబట్టి ఇకమీదట ఊళ్లో ఏ పెళ్లి జరిగినా, ఈ వధువును వివాహమాడు ఉద్దేశము సంస్థకు లేదు అని కంపెనీ ముద్రతో నిరభ్యంతర పత్రం ఇవ్వాలని నిర్ణయించారు. పెళ్లికూతుళ్లు ఆ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవడం మొదలుపెట్టారు.

ఇదంతా చూసి మార్తాండరావు గారు ఉప్పొంగిపోయారు. ఉమ్మడి ప్రయోజనానికి ఇచ్చే జాతీయ పురస్కారానికి మా పేరు పంపారు. ఆ పురస్కారం జ్యూరీ, ప్రజాభిప్రాయ సేకరణ సభ రోజునే స్వయంగా వచ్చి చూస్తుందని కబురు వచ్చింది. ఒక సభతో దోన, పురస్కారం రెండూ చేతికొస్తాయని ఆయన లెక్క.

ఆషాఢం రేపనగా సుంకులమ్మ ఊరి ఆడవాళ్లని వెంటేసుకుని ఆఫీసుకి వచ్చింది. వాళ్లతో పాటు ఓ పాతిక మంది కొత్త కోడళ్లు, చేతుల్లో ట్రంకు పెట్టెలు, దిండ్లు. ముందు నిలబడ్డది సుంకులమ్మ కోడలు శివలీల. ఆమె మొగుడు మద్దిలేటి మా కంపెనీలోనే డంపరు డ్రైవరు.

"ఎక్కడికమ్మా ఈ ప్రయాణం?" అన్నాను.

"పుట్టింటికన్నా," అంది శివలీల.

"ఏ ఊరు?"

"ఇదే గదా," అంది మా గెస్ట్‌హౌస్ వైపు చూపిస్తూ.

నేను తెల్లమొహం వేస్తే సుంకులమ్మ నిదానంగా విడమరిచింది. "మా బిడ్డలకు మీరు మేనమామ అంటిరి. మేనమామ అంటే తల్లికి తోడబుట్టినోడే గదా? అంటే మా ఆడోళ్లందరికీ మీ కంపెనీ అన్న అయితాది. అన్న ఇల్లు ఆడబిడ్డకు పుట్టిల్లు. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండగూడదు, పుట్టింటికి పోవల్ల. అదే పోతాండారు. ఇందులో తప్పేమన్నా ఉంటే చెప్పన్నా."

తప్పు కోసం నేనూ లీగల్ విభాగమూ సాయంత్రం దాకా వెతికాం. దొరకలేదు. మార్తాండరావు గారైతే కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. "అర్థమైందా పట్టాభీ? మన ఆస్తిని వాళ్లు తమ సొంత ఇంటిగా భావిస్తున్నారు! ఏ సంస్థకి దక్కింది ఈ భాగ్యం?" అన్నారు.

ఆ రాత్రి గెస్ట్‌హౌస్‌లో ఆయన గదిలో శివలీల, ఆమె నేస్తాలు ఏసీ వేసుకుని పడుకున్నారు. ఆయన అకౌంట్స్ విభాగంలో బల్ల మీద ఫైళ్లు తలకింద పెట్టుకుని పడుకున్నారు.

పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ పని చేయకూడదు. కాబట్టి మా ఇంజనీర్లు వంతులవారీగా గోరింటాకు రుబ్బారు. జియాలజీ విభాగం వాళ్లకి రాళ్లు నూరిన అనుభవం ఉండడంతో వాళ్లది మెత్తగా వచ్చింది. సర్వే విభాగం ఉయ్యాలలు కట్టింది. డ్రిల్లింగ్ మేనేజరు గారు రోజూ నలుగురు ఆడబిడ్డలకి జడలు వేసేవారు. పాయలు సమంగా రావడం లేదని ఆయన ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఆషాఢం మొదటిరోజు పొద్దున్న డంపర్లు కదల్లేదు. గేటు దగ్గరికి వెళ్లి చూస్తే డ్రైవర్లు, డ్రిల్లర్లు, హెల్పర్లు అందరూ బయట వేపచెట్టు నీడలో కూర్చుని ఉన్నారు. గీత గీసినట్టు ఒక్క కాలు కూడా లోపలికి రాలేదు.

"లోపలికి రా మద్దిలేటీ, షిఫ్టు మొదలైంది," అన్నాను.

"ఆషాఢం గదా బావా," అన్నాడు మద్దిలేటి. "అల్లుడు అత్తగారింటి గడప తొక్కగూడదు."

"ఇది గేటు, గడప కాదు."

"మా ఆడది లోపలుండాది. ఆమెకు పుట్టిల్లయితే నాకు అత్తగారిల్లే. తొక్కమంటే తొక్కుతా, అత్తకు ఆరోగ్యం చెడితే మీరే బాధ్యులు."

కంపెనీ తరఫున అత్త అంటే చైర్మన్ గారి సతీమణే అవుతారేమోనని మార్తాండరావు గారికి భయం వేసింది. ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని ఆయనే సెక్యూరిటీకి చెప్పారు.

"అది కొత్త అల్లుళ్లకి కదా," అని నేను ముసలి ఫోర్‌మన్ని అడిగాను. "నీ పెళ్లయి మనవలు కూడా పుట్టారు, నీకేమైంది?"

"వరస కుదిరింది మొన్ననే గదప్పా," అన్నాడాయన చుట్ట వెలిగిస్తూ. "ఈ లెక్కన మేమందరమూ కొత్తల్లుళ్లమే."

హెచ్ఆర్ విభాగం ఈ వాదన పరిశీలించి, సంప్రదాయ సంబంధిత వేతనంతో కూడిన గైర్హాజరు అని కొత్త సెలవు సృష్టించింది. క్వారీ మూతపడింది. కొండ చాలా ఏళ్ల తర్వాత నెల రోజులు కదలకుండా కూర్చుంది. దుమ్ము అణగడంతో ఊళ్లో వాళ్లకి దూరంగా నల్లమల కనిపించిందట. పిల్లలు అదేంటని అడిగారట.

నీడన కూర్చున్న బావలు ఊరికే ఉండరు కదా. బావమరిది వరస కుదిరాక ఆటపట్టించడం వాళ్ల హక్కు. మార్తాండరావు గారి కారు వచ్చినప్పుడల్లా, "బామ్మర్దీ, ఢిల్లీ నుంచి మాకేం తెస్తివి?" అని అరిచేవాళ్లు. ఆయన బూట్లు దాచేసేవాళ్లు. ఒకరోజు ఆయన తెల్ల చొక్కా మీద బిందెడు పసుపు నీళ్లు పోశారు. ఆయన దాన్ని కూడా భాగస్వామ్యమే అనుకున్నారు. తిరిగి ఒక పరిహాసం ఆడకపోతే బంధుత్వం ఏకపక్షం అవుతుందని, నన్ను ఒక జోకు రాసివ్వమన్నారు. రాశాను. లీగల్ విభాగం దాన్ని పరిశీలించి, నాలుగు సవరణలతో ఆమోదించి పంపేసరికి ఆషాఢం అయిపోయింది.

అలా సభ రోజు వచ్చింది. ఆ రోజే ఆడబిడ్డలు పుట్టింటి నుంచి అత్తవారిళ్లకి వెళ్లే రోజు. గెస్ట్‌హౌస్ ముందు పెద్ద షామియానా వేశాం. మధ్యలో సబ్‌కలెక్టరు గారు, కుడిపక్కన పురస్కారం జ్యూరీ. జ్యూరీ అధ్యక్షురాలు ఖద్దరు చీర కట్టుకున్న పెద్దావిడ, ఉయ్యాలలు చూసి అప్పటికే ఒకసారి కళ్లు తుడుచుకుంది. గోడకి రెండో దశ పటం తగిలించి ఉంది. ఎర్ర గీత దూరానికి కూడా కనిపిస్తోంది.

మార్తాండరావు గారు చాలాసేపు మాట్లాడారు. మనం వేర్వేరు కాదన్నారు. కొండ మాది, కొండ మీది, మనందరిదీ అన్నారు. సబ్‌కలెక్టరు గారు ఆవులింత ఆపుకుని, "రెండో దశ తవ్వకానికి గ్రామస్థులకేమైనా అభ్యంతరం ఉందా?" అని అడిగారు.

సుంకులమ్మ మైకు దగ్గరికి వచ్చింది.

"అన్న ఇంటిపని అన్న చేసుకుంటాడు. ఆడబిడ్డలము, మేమేంటికి అడ్డం పడతాం సారూ?" అంది.

షామియానా అంతా చప్పట్లు. మార్తాండరావు గారు నా చెయ్యి పిసికేశారు. నాకు మాత్రం సంతోషం కలగలేదు. పటం మీది గీత వంక చూశాను. నా ఒడిలో గుండు చేయించుకున్న బిడ్డ ఎదురుగా తల్లి చంకన కూర్చుని, కొత్తగా వచ్చిన రెండు పళ్లతో చీర కొంగు కొరుకుతోంది. పాలలా ఉన్నాయి ఆ పళ్లు.

"అయితే ఒక మాట," అని సుంకులమ్మ చప్పట్లు ఆగేదాకా నిలబడింది. "ఈ దినం బిడ్డలు పుట్టింటి నుంచి పోతాండారు. ఒడిబియ్యం పోసి, పసుపు కుంకుమ కింద ఏమిచ్చి పంపేదీ అన్న నోటితో చెప్పల్ల. అది చెప్పినాంక మీ గుట్ట మీరు తవ్వుకోండి."

మార్తాండరావు గారు ఇలాంటిది ఊహించే ఉన్నారు. లోగో వేసిన స్టీలు డబ్బాలు గుట్టగా పేర్పించి ఉంచారు. నాకు సైగ చేశారు. నేను పళ్లెం పట్టుకుని లేచాను. శివలీల వచ్చి ఎదురుగా కొంగు పట్టింది. నేను బియ్యం పోశాను. రూలు ప్రకారం అడగాలి కాబట్టి, "ఏం కావాలమ్మా?" అని అడిగాను.

"దోన ఇయ్యన్నా," అంది శివలీల.

ఆమె వెనక కొత్త కోడళ్లందరూ కొంగులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అందరి కళ్లూ నా మీదే.

"దోన, దాని సుట్టూ ఉండే గుట్ట," అంది సుంకులమ్మ. "ఎక్కువేం లేదు, నీళ్లు యాడ నుంచి వస్తాయో ఆడి దాకా."

అంటే పటంలో దక్షిణం వైపంతా. మార్తాండరావు గారు కనుబొమలతో వద్దన్నారు. తర్వాత తలతో వద్దన్నారు. తర్వాత రెండు చేతులతోనూ వద్దన్నారు. జ్యూరీ అధ్యక్షురాలు అటు తిరిగేసరికి ఆ చేతుల్ని నమస్కారంగా మార్చేశారు.

సబ్‌కలెక్టరు గారికి మొదటిసారి నిద్రమత్తు వదిలింది. "కంపెనీ తన లీజులోంచి ఈ భాగం స్వచ్ఛందంగా వదులుకుంటున్నట్టా? ఈ విషయంలో కంపెనీ తరఫున మాట ఇచ్చే అధికారం ఎవరికుంది?" అని అడిగారు.

"నాకేనండి," అన్నాను. సర్క్యులర్ చదివి వినిపించాను. ఇవ్వవలసినవి ఇచ్చుటకును, పలుకవలసిన పలుకులు పలుకుటకును. అందులో దోన మినహా అని ఎక్కడా లేదు.

శివలీల పక్కనున్న చెంబు అందించింది. తాగాను. ఉద్యోగం పోతుందని తెలుసు. తణుకు పక్కన మా ఊళ్లో నాన్న ఏమంటాడో కూడా తెలుసు. కానీ పుట్టింటి నుంచి వెళ్లే ఆడబిడ్డ కొంగు పట్టి అడిగితే లేదనే అధికారం ఏ సర్క్యులర్‌లోనూ మేనమామకి ఇవ్వలేదు. ఇచ్చినా నేను ఆ పని చేసేవాణ్ణి కాదు.

"ఇచ్చానమ్మా," అన్నాను. ఆచారం ప్రకారం మూడుసార్లు అన్నాను. మూడోసారి నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. సబ్‌కలెక్టరు గారు ఆ మాటని రికార్డులో రాయించారు.

జ్యూరీ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అధ్యక్షురాలు వెక్కి వెక్కి ఏడ్చింది. జ్యూరీ నిలబడితే మార్తాండరావు గారు కూర్చోలేరు కాబట్టి ఆయనా నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లలో కూడా నీళ్లే, కాకపోతే అవి వేరే రకం. బావలందరూ గేటు దాటి ఒక్కసారిగా లోపలికి వచ్చి నన్ను ఎత్తుకున్నారు. సింగ్ గారు పరుగున వచ్చి నా నెత్తిన హెల్మెట్ పెట్టారు.

మా కంపెనీకి మొదటి బహుమతి వచ్చింది. మార్తాండరావు గారిని ఆ పురస్కారం పుణ్యాన ఇంకో రాష్ట్రంలో ఇంకో కొండకి ప్రమోషన్ మీద పంపారు. అక్కడ ఈసారి కన్సల్టెంట్లు బాగా జాగ్రత్తపడి తాత వరస సూచించారట. తాతకి కథలు చెప్పడం తప్ప ఏ బాధ్యతా ఉండదని వాళ్ల విశ్లేషణ. తాత ఆస్తిలో మనవళ్లకి వాటా ఉంటుందన్న సంగతి వాళ్లకి ఎవరు చెప్పాలి? చెబుదామంటే నాకిప్పుడు ఏ హోదా లేదు.

ఎందుకంటే నా పోస్టు రద్దయింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. తలుపు మీది బోర్డు పీకేశారు. ఆ మేకుల కన్నాలు నాలుగూ అలాగే ఉన్నాయి. నేను పెట్టె సర్దుకుని, నంద్యాల బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. బస్సు వచ్చింది, పెట్టె పైకి ఎక్కించాను. నేనూ ఎక్కబోతుంటే సుంకులమ్మ రొప్పుకుంటూ వచ్చింది. వెనకాలే ఇంకొక తల్లి, ఆమె చేతుల్లో ఇంకొక బిడ్డ.

"యాడికన్నా పోతాండావు? రేపు ఈ బిడ్డకు చెవులు కుట్టేది ఉండాది గదా!"

"పోస్టు రద్దయిందమ్మా," అన్నాను. "నేనిప్పుడు మేనమామని కాను. కాగితం కూడా వచ్చింది."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది.

"పోస్టు పోతే పోనీలే. ఒడి యాడికీ పోలేదు గదా!"

దీనికి జవాబు ఏ సర్క్యులర్‌లో ఉందో గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించాను. కండక్టరు విజిల్ వేశాడు. నేను ఆగమని అరిచి, పెట్టె కిందికి దింపించుకున్నాను.